మేకరోనీ చీజ్ ఇంట్లో బేక్ చేయడం: పర్లాకిమిడి వంటింట్లో తరచుగా అడిగే ప్రశ్నలు

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. గడప దాటితే ఒడియా, లోపలికొస్తే తెలుగు. ఆటో ఎక్కితే పాతపట్నం, అంటే ఆంధ్రా. హైదరాబాదులో చదువుకుంటున్న మా అమ్మాయి ఒక దసరా సెలవుల్లో వచ్చి, "అమ్మా, మాక్ అండ్ చీజ్ చెయ్యవా" అని అడిగింది. అప్పటినుంచి ఇంట్లో నెలకోసారైనా చేస్తున్నాను. వాసన వీధిలోకి వెళ్ళాక పక్కింటి వదినలూ, మేడమీద అద్దెకుంటున్న పిల్లలూ అడగడం మొదలుపెట్టారు. ఎక్కువసార్లు అడిగినవి ఇక్కడ రాస్తున్నాను.

అసలు ఇదేం వంట? మసాలా పాస్తాకీ దీనికీ తేడా ఏమిటి?

ఉడికించిన మేకరోనీని చిక్కటి పాల సాస్‌లో, కరిగిన చీజ్‌లో కలిపి, గిన్నెలోకి తీసి, పైన కరకరలాడేది ఏదైనా చల్లి ఓవెన్లో కాల్చడమే. టమాటా ఉండదు, మసాలా ఉండదు. పైన పెచ్చు కట్టాలి, లోపల పెరుగన్నంలా జారుగా ఉండాలి. ఇంగ్లండులోనూ అమెరికాలోనూ రెండు వందల ఏళ్ళకి పైగా వండుతున్నారు. 1802లో అమెరికా అధ్యక్షుడు జెఫర్సన్ ఇచ్చిన విందులో మేకరోనీతో చేసిన ఇలాంటి వంటకం పెట్టినట్టు, దాన్ని తిన్న అతిథి ఒకాయన డైరీలో రాసుకున్నాడు. ఆయనకి అది నచ్చలేదట. 1937లో క్రాఫ్ట్ కంపెనీ డబ్బాలో పెట్టి అమ్మడం మొదలుపెట్టాక అక్కడ ఇంటింటి వంట అయిపోయింది. జ్వరం తగ్గాక మనం చారన్నం అడిగినట్టు వాళ్ళు ఇది అడుగుతారు.

నలుగురికి ఎంత సరుకు కావాలి?

మేకరోనీ 250 గ్రాములు, వెన్న 40 గ్రాములు, మైదా 40 గ్రాములు, పాలు 600 మిల్లీలీటర్లు, చీజ్ 200 గ్రాములు. ఆవపొడి అర చెంచా, మిరియాల పొడి అర చెంచా, జాజికాయ ఉంటే రెండు గీతలు. పైన చల్లడానికి రస్కుల పొడి ఒక గుప్పెడు.

త్రాసు లేకపోయినా టెన్షన్ పడక్కర్లేదు. వెన్న, మైదా సమానమైన బరువు ఉంటే చాలు. మూడు పెద్ద చెంచాల వెన్నకి అయిదు పెద్ద చెంచాల మైదా దాదాపు సరిపోతుంది.

ఏ చీజ్ కొనాలి? మన ఊళ్ళో దొరికేదానితో అవుతుందా?

అవుతుంది. నేను చేసేది దానితోనే. కిరాణా కొట్టు ఫ్రిజ్‌లో దొరికే అమూల్ లాంటి ప్రాసెస్డ్ చీజ్ క్యూబులు ఒక్కోటి 25 గ్రాములు, ఎనిమిదుంటే 200 గ్రాములు. ఈ చీజ్‌ని చిన్నచూపు చూసేవాళ్ళున్నారు కానీ, సాస్‌కి ఇదే నమ్మకస్తురాలు. తయారు చేసేటప్పుడే ఇందులో సోడియం సిట్రేట్ లాంటి లవణాలు కలుపుతారు. అవి కొవ్వునీ నీళ్ళనీ విడిపోకుండా పట్టి ఉంచుతాయి. అందుకే కరిగాక నూనె తేలదు.

రుచిలో కొంచెం ఘాటు కావాలంటే చెడ్డార్ కలపాలి. అది ఇక్కడ ప్రతి కొట్టులోనూ ఉండదు. శ్రీకాకుళం గానీ బరంపురం గానీ వెళ్ళినవాళ్ళ చేత తెప్పించుకుంటాను. చెడ్డార్ 120, ప్రాసెస్డ్ 80 గ్రాములు కలిపితే నా లెక్కలో అది అసలైన పాళ్ళు. రుచి చెడ్డార్‌ది, కాపలా క్యూబులది. మొజరెల్లా తీగలు సాగుతుంది, పిల్లలకి సరదా. రుచి మాత్రం పెద్దగా ఉండదు. పైన చల్లడానికి 50 గ్రాములు చాలు, మొత్తం దానితోనే చేయకండి.

ఒక జాగ్రత్త. చవకగా దొరికే తురుము ప్యాకెట్లలో కొన్ని అసలు చీజ్ కాదు. వెనక తిప్పి చూస్తే పామాయిలో, వెజిటబుల్ ఫ్యాటో రాసి ఉంటుంది. "అనలాగ్" అని కూడా ఉంటుంది. అది కరుగుతుంది గానీ నోట్లో మైనంలా ఉంటుంది. ముక్క కొని ఇంట్లో తురుముకోవడమే మేలు. అసలైన చీజ్ తురుము ప్యాకెట్‌లో కూడా అంటుకోకుండా పిండి లాంటిది చల్లి ఉంచుతారు, సాస్ నున్నగా రాదు.

ఛెనాతో చేయొచ్చా? పనీర్‌తో?

ఒడిశాలో ఉండి ఈ ప్రశ్న అడగకపోతే తప్పు. తెల్లారితే మిఠాయి కొట్టులో తాజా ఛెనా, అంటే పాలు విరిచి వడగట్టిన ముద్ద, దొరుకుతుంది, చీజ్ కోసం పక్క జిల్లా దాకా పరుగెత్తడమెందుకని మా పిన్ని అడిగింది. సమాధానం: ఛెనా కరగదు. ఎంత కాల్చినా కరగదు.

కారణం పాలు విరిచే పద్ధతిలో ఉంది. చెడ్డార్, మొజరెల్లా లాంటివి రెన్నెట్ అనే ఎంజైముతో పాలు తోడేసినట్టు గడ్డకట్టించి చేస్తారు. అందులో పాల మాంసకృత్తులని కాల్షియం వదులుగా పట్టి ఉంచుతుంది. వేడి తగలగానే ఆ పట్టు సడలి సాగుతాయి. ఛెనాకీ పనీర్‌కీ మరిగే పాలలో నిమ్మరసమో, పులిసిన తేటో పోస్తాం. ఆ పులుపు కాల్షియాన్ని కరిగించి తేటలోకి పంపేస్తుంది. మిగిలిన మాంసకృత్తులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టేసుకుంటాయి. వేడి చేస్తే ఇంకా నీరు వదిలి బిగుసుకుంటాయి తప్ప కరగవు. కరగదు కాబట్టే రసగుల్లా పాకంలో ఉడికినా విడిపోదు, నయాగఢ్ జిల్లా దసపల్లా పేరు చెప్పుకునే ఛెనాపోడ అనే కాల్చిన ఛెనా మిఠాయి గంటల తరబడి నిప్పుల మీద కాలినా ముక్కగా నిలుస్తుంది.

అలాగని ఛెనాని తోసెయ్యక్కర్లేదు. 100 గ్రాముల ఛెనాని అరచేత్తో వెన్నలా మెదిపి, మేకరోనీ మధ్యలో ఒక పొరలా వేస్తే తినేటప్పుడు మెత్తగా తగులుతుంది. సాస్‌లో మాత్రం చీజ్ ఉండి తీరాలి.

మైదా ప్రతిసారీ ఉండలు కడుతోంది. ఏం చేయాలి?

రాగి జావ కాచినవాళ్ళకి ఇది కొత్త కష్టం కాదు. జావకి పిండిని ముందు చన్నీళ్ళలో కలుపుకుంటాం. ఇక్కడ ఆ పని వెన్న చేస్తుంది. సన్నసెగ మీద వెన్న కరిగించి మైదా వేసి రెండు నిమిషాలు వేయించండి. పచ్చివాసన పోవాలి, రంగు మారకూడదు. తర్వాత పాలు ఒక్కసారిగా కుమ్మరించకుండా మొదట ఒక గరిటెడు పోసి ముద్దలా అయ్యేదాకా కలపాలి. మరో గరిటె, మళ్ళీ కలపాలి. మూడో గరిటె తర్వాత మిగతావన్నీ పోసేయొచ్చు. పాలు గోరువెచ్చగా ఉంటే ఇంకా సులువు.

కలుపుతూ ఒక ఉడుకు రానివ్వాలి, అప్పుడే పిండి పూర్తిగా చిక్కబడుతుంది. గరిటె వెనక వేలితో గీత గీస్తే ఆ గీత నిలబడాలి. అంతకంటే చిక్కగా వద్దు. ఉండలు కట్టేసిందా? జల్లెడలో వడగట్టండి, ఎవరికీ తెలియదు.

గేదె పాలా, ప్యాకెట్ పాలా?

ఏవైనా. టోన్డ్ పాలలో వెన్న 3 శాతం, ఫుల్ క్రీమ్‌లో 6 శాతం ఉంటుంది. మా ఇంటికొచ్చే గేదె పాలు ఇంకా చిక్కన, అందుకని వాటితో చేసేటప్పుడు వెన్న 30 గ్రాములకి తగ్గించి, పాలలో పావు కప్పు నీళ్ళు కలుపుతాను. (పాలవాడు ముందే కలిపి ఉంటే మీ లెక్క మీరు చూసుకోండి.) విడి పాలు ముందే మరిగించి చల్లార్చినవి వాడాలి. పొద్దుటి పాలు సాయంత్రానికి ఏ కాస్త పులిసినా సాస్‌లో విరుగుతాయి.

చీజ్ వేయగానే సాస్ ఇసుకలా అయింది, పైన నూనె తేలింది. ఎందుకు?

వేడి ఎక్కువైంది. ఈ వంటలో తొంభైపాళ్ళు తప్పు ఇక్కడే జరుగుతుంది, నాకూ ఇక్కడే జరిగింది. మొదటిసారి చేసినప్పుడు కుతకుతలాడుతున్న పాలలో చెడ్డార్ ముక్కలుగా వేసి, కరగడం లేదని మంట పెంచాను. అయిదు నిమిషాల్లో అడుగున రబ్బరు ముద్ద, పైన పసుపు నూనె. మావారు చూసి "విరిగిన పాల కూరా?" అని అడిగారు. మా అమ్మాయి మాత్రం నోరు మూసుకుని తినేసింది.

చీజ్ మరీ వేడెక్కితే అందులోని మాంసకృత్తులు బిగుసుకుని కొవ్వుని బయటికి నెట్టేస్తాయి. అందుకని పొయ్యి ఆపేయాలి. ఆపాక రెండు నిమిషాలు ఆగాలి. ఆ తర్వాతే సన్నగా తురిమిన చీజ్‌ని మూడు విడతలుగా వేసి, ఒక విడత కరిగాక ఇంకొకటి వేస్తూ కలపాలి. సాస్‌లో ఉన్న వేడే చాలు. తురుము కూడా ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లదనం పోయాక వేస్తే మంచిది.

విరిగిపోతే బాగుచేసే దారి ఉంది. చల్లటి పాలు రెండు చెంచాలు, ఒక ప్రాసెస్డ్ క్యూబు తురుము వేసి కవ్వంతో గట్టిగా చిలకండి. చాలాసార్లు తిరిగి కలుస్తుంది. అప్పటికీ కలవకపోతే కాస్త చల్లారాక మిక్సీలో ఒక్కసారి తిప్పండి. పూర్తిగా రబ్బరైపోయిందాన్ని మాత్రం వదిలేయండి.

మేకరోనీ ఎంతసేపు ఉడికించాలి?

ప్యాకెట్ మీద రాసినదానికి రెండు నిమిషాలు తక్కువ. కొరికితే మధ్యలో సన్నగా పలుకు తెలియాలి. మిగతా ఉడుకు సాస్‌లో, ఓవెన్లో అవుతుంది. 250 గ్రాములకి రెండున్నర లీటర్ల నీళ్ళు, బాగా మరిగాక రెండు పెద్ద చెంచాల ఉప్పు. నీళ్ళలో నూనె పోయడం దండగ, పైన తేలుతుంది అంతే. వార్చాక చన్నీళ్ళతో కడగొద్దు, పైనున్న గంజి పోతే సాస్ అంటుకోదు.

ప్యాకెట్ మీద డ్యూరమ్ గోధుమ అని ఉన్నది కొనండి. మైదాతో చేసిన చవక మేకరోనీ ఓవెన్లోంచి బయటికొచ్చేసరికి సంకటి అయిపోతుంది.

మా ఇంట్లో ఓవెన్ లేదు. కుక్కర్లో అవుతుందా?

అందరికంటే ఎక్కువగా అడిగేది ఇదే. అవుతుంది, కానీ సగమే అవుతుంది. ఎందుకో చెబుతాను.

మన పెద్దవాళ్ళు దిబ్బరొట్టె ఎలా కాల్చేవారో గుర్తు తెచ్చుకోండి. కుంపటి మీద మూకుడు, మూకుడులో పిండి, పైన ఇనప మూత, ఆ మూత మీద మళ్ళీ నిప్పులు. కింద సెగ, పైన సెగ. రొట్టె రెండు పక్కలా ఎర్రగా రావడానికి కారణం పైనున్న ఆ నిప్పులే. ఇక్కడ రజో పండక్కి ఒడియావాళ్ళు చేసే పోడపిఠా అనే కాల్చిన పిండివంటకి కూడా నిప్పులే దిక్కు. మేకరోనీ చీజ్‌కి కావలసింది కూడా పైసెగే, ఎందుకంటే లోపల అంతా ముందే ఉడికి ఉంది. కుక్కర్లో కింద సెగ తప్ప పైన లేదు. అందుకని ఉడుకుతుంది, సెట్ అవుతుంది, పైన రంగు రాదు.

పద్ధతి ఇది. దళసరి అడుగున్న పాత కుక్కర్ గానీ గుండిగ గానీ తీసుకోండి. కుక్కర్ అయితే రబ్బరు, విజిల్ రెండూ తీసేయడం మరిచిపోవద్దు. అడుగున ఒకటిన్నర కప్పుల రాళ్ళ ఉప్పు పరిచి, మీద స్టాండు పెట్టి, మూతపెట్టి పది నిమిషాలు మధ్యస్థంగా వేడి చేయాలి. గిన్నె లోపల పెట్టి, సెగ తగ్గించి 20 నిమిషాలు ఉంచండి. నీళ్ళు పోయకూడదు. కొత్త అల్యూమినియం కుక్కర్ని ఇలా ఉత్తగా వేడి చేయకండి, పాడవుతుంది. ఆ ఉప్పు వంటకి పనికిరాదు, డబ్బాలో పోసి మళ్ళీ ఇలాంటి కాల్పుకే దాచుకోండి.

ఇక రంగు. రస్కుల పొడిని బాండీలో రెండు చెంచాల వెన్నతో విడిగా ఎర్రగా వేయించి, గిన్నె బయటికి తీశాక పైన చల్లేయండి. కరకర వస్తుంది. కుంపటి ఉండి, పెరటి ఖాళీ ఉంటే మూత మీద నిప్పులు పోసి దిబ్బరొట్టె పద్ధతిలోనే చేయండి, నా ఓటు దానికే. పది నిమిషాల్లో పైన చుక్కలు చుక్కలుగా మాడుతూ పెచ్చు కడుతుంది. తలుపులేసిన వంటింట్లో మాత్రం బొగ్గులు వెలిగించొద్దు, పొగ కనిపించకపోయినా బొగ్గుల నుంచి వచ్చే విషవాయువు ప్రాణం తీస్తుంది.

ఓటీజీలో (బల్లమీద పెట్టుకునే చిన్న కరెంటు ఓవెన్లో) ఎంత వేడి? మైక్రోవేవ్ పనికొస్తుందా?

200 డిగ్రీలు, పది నిమిషాలు ముందే వేడెక్కించి, పైరాడ్, కిందరాడ్ రెండూ వేసి 15 నుంచి 20 నిమిషాలు. అంచుల దగ్గర సాస్ బుడగలు రావడం, పైన బంగారు రంగు రావడం గుర్తు. రంగు రాకపోతే చివరి మూడు నిమిషాలు పైరాడ్ ఒక్కటే. అక్కడ నుంచుని చూడండి, ఫోన్ పక్కన పెట్టండి.

మైక్రోవేవ్‌లో కన్వెక్షన్ మోడ్ ఉంటే అదే లెక్క. మామూలు మైక్రోవేవ్ వేడి చేస్తుంది తప్ప పెచ్చు కట్టించదు.

సాస్ సరిగ్గానే ఉంది, కాలాక మాత్రం పొడిపొడిగా అయిపోతోంది.

ఓవెన్లోకి వెళ్ళేటప్పుడు సాస్ "అయ్యో, ఎక్కువైందే" అనిపించాలి. మేకరోనీ కాలుతూ కూడా తాగుతూనే ఉంటుంది. కలిపాక గిన్నె వంచితే మెల్లగా జారాలి. జారకపోతే మేకరోనీ ఉడికించిన నీళ్ళు ముప్పావు కప్పు దాకా కలపండి, ఆ నీళ్ళు ముందే పక్కన పెట్టుకోవాలి. వెడల్పాటి పళ్ళెంలో పల్చగా పరిస్తే త్వరగా ఆరుతుంది, లోతు గిన్నె మంచిది.

పైన ఏం చల్లితే బాగుంటుంది?

రస్కుల పొడి. బేకరీ బ్రెడ్డు పొడి కూడా మంచిదే. పలాస జీడిపప్పు బద్దలు కచ్చాపచ్చాగా దంచి కలిపితే ఇంకేం అడగక్కర్లేదు, పక్కూరి పంట కాబట్టి మనకి అలవాటైన రుచి. ముఢి (మరమరాలు) కూడా వేసి చూశాను. మొదటి పది నిమిషాలు బాగుంది, తర్వాత మెత్తబడింది.

మన నాలుకకి చప్పగా ఉంది. మసాలా వేయొచ్చా?

మీ ఇల్లు, మీ ఇష్టం. కానీ గరం మసాలా వేస్తే చీజ్ రుచి పోతుంది. ముందు ఆవపొడి వేసి చూడండి. ఆవపెట్టిన కూర తినేవాళ్ళం మనం, ఆవ సంగతి మనకి చెప్పాలా. సాస్‌లో ఉడికాక ఆవ ఘాటు తగ్గిపోతుంది, చీజ్ రుచి మాత్రం ఒక మెట్టు పైకెక్కుతుంది. మిరియాలు, ఎండుమిర్చి పలుకులు సరే. పచ్చిమిర్చి సన్నగా తరిగి వెన్నలో వేయించి కలిపితే పెద్దలు కూడా రెండోసారి వడ్డించుకుంటారు. ఉప్పు ఆఖర్న, రుచి చూశాకే. చీజ్‌లో కావలసినంత ఉంటుంది.

మార్గశిర లక్ష్మివారాల్లో వండుకోవచ్చా?

ఇందులో ఉల్లి, వెల్లుల్లి, గుడ్డు ఏవీ లేవు. చీజ్ విషయంలో ప్యాకెట్ మీద ఆకుపచ్చ చుక్క చూడండి. విదేశీ చీజ్‌లు కొన్నిటిలో దూడ పొట్ట నుంచి తీసిన రెన్నెట్ వాడతారు. మిగతా నియమాలు మీ అత్తగారిని అడగండి, నేను కలగజేసుకోను.

షుగర్ ఉన్నవాళ్ళు తినొచ్చా?

మైదా, పాస్తా, వెన్న, ఉప్పు అన్నీ ఒకే గిన్నెలో ఉన్నాయి. మా మామగారికి చిన్న గిన్నెడు పెట్టి, పక్కన కీరా ముక్కలు ఎక్కువ పెడతాను, ఆ పూట అన్నం పెట్టను. బీపీ ఉంటే ప్రాసెస్డ్ చీజ్ ఉప్పు గుర్తుంచుకోవాలి. మీ డాక్టరు వద్దన్నారంటే వద్దు.

కరెంటు మధ్యలో పోతే?

ఓటీజీ తలుపు తీయకండి. లోపలి వేడి పది పదిహేను నిమిషాలు కాస్తుంది. ఈలోగా రాకపోతే తీసి కుక్కర్ పద్ధతిలోకి మార్చేయండి.

పెద్ద తుఫాను కబురు వినిపిస్తే మాత్రం చీజ్ నిల్వ పెట్టకండి. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటి మన గజపతి జిల్లా మీదుగా వెళ్ళినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు. ఫ్రిజ్ తెరిస్తే వచ్చిన వాసన ఇంకా గుర్తుంది.

మిగిలితే మర్నాటికి ఉంటుందా?

చల్లారాక మూతపెట్టి ఫ్రిజ్‌లో పెడితే రెండు రోజులు. గడ్డలా అయిపోతుంది, కంగారు పడొద్దు. ఒక్కో గిన్నెకి రెండు చెంచాల పాలు చల్లి, మూతపెట్టి, సన్నసెగ మీద వేడి చేయండి. మా ఇంట్లో ఇంకో దారి ఉంది. ఆ గడ్డని ముక్కలు కోసి, మైదా జారులో ముంచి, రస్కుల పొడిలో దొర్లించి వేయిస్తాను. నిజం చెప్పాలంటే కొన్నిసార్లు వాటికోసమే ఎక్కువ చేస్తాను.

పాతపట్నం చుట్టాలింటికి పట్టుకెళ్ళాలి. కాల్చి తీసుకెళ్ళనా?

కాల్చకండి. గిన్నెలో సర్ది, పైన చల్లే పొడి విడిగా పొట్లం కట్టి, అక్కడికెళ్ళాక కాల్చండి. దారిలో మేకరోనీ సాస్ తాగేస్తుంది కాబట్టి ఒక కప్పు పాలు అదనంగా కలిపి బయల్దేరాలి. చల్లారినది కాబట్టి ఓవెన్లో 30 నిమిషాలు పడుతుంది. వాళ్ళింట్లో ఓవెన్ ఉందో లేదో ఆటో ఎక్కకముందే ఫోన్ చేసి కనుక్కోండి. నేను కనుక్కోలేదు. ఆ రోజు వాళ్ళ పెరట్లో, కుంపటి మీద కాలింది.